మందుకు లొంగని కుంగుబాటు: మదురై నుంచి కోవిల్‌పట్టి దాకా

మదురై నుంచి తిరునెల్వేలికి పోయే రైలు మార్గంలో విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టి వరసగా వస్తాయి. ఇరువైపులా నల్లరేగడి, తమిళులు దాన్ని కరిసల్ నేల అంటారు. వానను నమ్ముకున్న సేద్యం, అగ్గిపెట్టెల తయారీ, శివకాశి బాణసంచా, నూలు మిల్లులు, కోవిల్‌పట్టి పల్లీపట్టీ ఇక్కడి బతుకుతెరువులు. కమ్మవారు, రెడ్లు, రాజపాళయం రాజులు, ఇంకా అనేక కులాల తెలుగువాళ్లు తరతరాలుగా ఈ నేల మీదే ఉన్నారు. ఇంట్లో తెలుగు, బడిలోనూ బజారులోనూ తమిళం. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ఆ వలస కథను తమిళ నవలలుగా రాసి, 1991లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు.

ఈ ఊళ్లలో ఒక మనిషికి డిప్రెషన్ వచ్చి, ఒక మందు వాడినా తగ్గక, రెండోది వాడినా తగ్గకపోతే ఏమిటి దారి? వైద్య పుస్తకాలు ఇలాంటి స్థితిని మందుకు లొంగని కుంగుబాటు అంటాయి. తగిన మోతాదులో, తగినంత కాలం రెండు రకాల మందులు వాడినా ఫలితం లేకపోతేనే ఆ పేరు పెట్టాలి. గత పాతికేళ్లలో ఈ జబ్బుకు కొత్త చికిత్సలు చాలానే వచ్చాయి. వాటిలో ఏది ఎంత పనిచేస్తుందో చూడాలి. అది కరిసల్ నేల దాకా చేరుతుందా అన్నదీ చూడాలి. ఈ రెండు ప్రశ్నలనూ విడదీస్తే సమీక్ష సగమే అవుతుందని నా నమ్మకం.

ఈ ప్రాంతంలో డిప్రెషన్‌ను శాస్త్రీయంగా పట్టించుకున్న తొలితరం వైద్యుల్లో ముందు చెప్పుకోవలసిన పేరు ఆచార్య ఎ. వెంకోబారావు. మదురై వైద్య కళాశాల 1954లో మొదలైంది. దానికి అనుబంధమైన ఎర్‌స్కిన్ ఆసుపత్రే ఇప్పటి రాజాజీ ఆసుపత్రి. విరుదునగర్ వాళ్లకు యాభై కిలోమీటర్లు, కోవిల్‌పట్టి వాళ్లకు సుమారు వంద కిలోమీటర్లు. జబ్బు ముదిరితే ఈ చుట్టుపక్కల జిల్లాల జనం వెళ్లే పెద్దాసుపత్రి అదే. వెంకోబారావు అక్కడ మనోవైద్య విభాగాన్ని నిలబెట్టి, దశాబ్దాల పాటు అక్కడే పనిచేశారు. ఆత్మహత్యకు ప్రయత్నించి ఆ ఆసుపత్రిలో చేరిన 114 మందిని పరిశీలించి 1965లో వ్యాసం ప్రచురించారు. మరుసటి ఏడాది 30 మంది డిప్రెషన్ రోగుల విశ్లేషణ వెలువడింది. భారతీయుల్లో డిప్రెషన్ అరుదనే మాట అప్పటికింకా వినపడుతూనే ఉంది. తన వార్డులో తాను చూసినదాన్ని లెక్కపెట్టి అచ్చులో పెట్టడమే దానికి ఆయన ఇచ్చిన జవాబు.

ఆయన పనిలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది 1977లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో నమ్మాళ్వార్‌తో కలిసి రాసిన వ్యాసం. మదురైలో డిప్రెషన్‌కు చికిత్స పొందిన 122 మందిని మూడేళ్ల నుంచి పదమూడేళ్ల దాకా వెంబడించి, వాళ్ల జబ్బు ఏ దారి పట్టిందో నమోదు చేసిన వ్యాసం అది. ఫోన్లు అరుదైన కాలం. చిరునామాలంటే ఊరి పేరు, తండ్రి పేరు. ఆ రోజుల్లో పదేళ్ల తర్వాత ఒక రోగిని మళ్లీ వెతికి పట్టుకోవడం ఎంత ఓపికతో కూడిన పనో ఊహించుకోవచ్చు. డిప్రెషన్ ఒక్కసారి వచ్చి పోయేది కావచ్చు, మళ్లీ మళ్లీ వచ్చేది కావచ్చు. కొందరిలో ఏళ్లు గడిచాక ఉన్మాదపు దశ బయటపడి, అది బైపోలార్ జబ్బని తేలుతుంది. ఒక్క రోజు ఓపీలో చూసి ఈ మూడింటినీ వేరుచేయలేం. మొండి జబ్బు అన్న ముద్ర వేసే ముందు ఆ మనిషిని ఎంతకాలం చూశామని అడగాలి. వెంకోబారావు పని నాకు నేర్పింది ఇదే.

తర్వాత లిథియం మీద, వృద్ధుల మానసిక ఆరోగ్యం మీద ఆయన బృందం పనిచేసింది. 1986లో భారత వైద్య పరిశోధన మండలి ఆయన రాసిన డిప్రెసివ్ డిసీజ్ గ్రంథాన్ని ప్రచురించింది. భగవద్గీతనూ మనశ్శాస్త్రాన్నీ కలిపి చూస్తూ 1980లో ఒక వ్యాసం రాశారు. తన రోగుల్లో కనిపించే అపరాధ భావం చాలాసార్లు పూర్వజన్మ కర్మ రూపంలో వ్యక్తమవుతుందనీ గమనించారు. ఈ గమనిక చికిత్సకు అక్కరకొచ్చేది. ‘ఇది నా కర్మ’ అనుకునే మనిషి మాత్ర మింగినా దాని మీద ఆశ పెట్టుకోడు. నాలుగో రోజుకే మానేస్తాడు. మందు పనిచేయలేదని ఇంటివాళ్లు చెబుతారు. ఆ మందుకు పనిచేసే అవకాశమే దొరకలేదు.

మొండి డిప్రెషన్ అని పేరు పడిన కేసుల్లో చాలావాటిలో జరిగేది ఇలాంటిదే. నిద్ర కోసం రాత్రిపూట 25 మిల్లీగ్రాముల అమిట్రిప్టిలిన్ రాసిన చీటీలు మన ఊళ్లలో కోకొల్లలు. డిప్రెషన్ తగ్గాలంటే పెద్దవాళ్లకు సాధారణంగా దానికి మూడు నుంచి ఆరు రెట్ల మోతాదు కావాలి, అదీ ఆరు నుంచి ఎనిమిది వారాలు. తక్కువ మోతాదులో ఏడాది వాడినా అది ఒక చికిత్స కింద లెక్కకు రాదు. పైగా థైరాయిడ్ లోపం, రక్తహీనత, బీ12 లోపం, మద్యం, గుర్తించని బైపోలార్ జబ్బు ఉంటే మంచి మందు కూడా చతికిలబడుతుంది. వీటిని వెతకడానికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. ఒక రక్తపరీక్ష, అరగంట మాట చాలు.

ఆ అరగంట మాట దగ్గరే మరో చిక్కు ఉంది. కుంగుబాటుతో వచ్చినవాళ్లు మనసు సంగతి ముందుగా చెప్పరు. ఒళ్లు నొప్పులు, గుండెదడ, తలబరువు, కడుపులో మంట అంటారు. రఘురాం, వైస్ తదితరులు బెంగళూరు నిమ్హాన్స్‌లో చేసిన అధ్యయనం 1996లో అచ్చయింది. మనసు బాధ చెప్పుకునేకొద్దీ పరువు పోతుందన్న భయం పెరుగుతోందనీ, ఒంటి బాధ చెప్పుకునేవాళ్లలో ఆ భయం తక్కువనీ అందులో తేలింది. అంటే నొప్పి గురించి మాట్లాడడం అజ్ఞానం కాదు, మర్యాద కాపాడుకునే తెలివి. కరిసల్ తెలుగు ఇళ్లలో దీనికి ఇంకో పొర ఉంది. పెద్దావిడ బాధను తెలుగులో అనుభవిస్తుంది, డాక్టరుకు తమిళంలో చెబుతుంది, చాలాసార్లు కొడుకో కోడలో పక్కన కూర్చుని ఆవిడ బదులు చెబుతారు. కోడలి ముందు ఆవిడ చెప్పని మాటే అసలు రోగ లక్షణం కావచ్చు.

ఇక మందుల లెక్క. క్షయ వార్డుల్లో ఐప్రోనియజిడ్ ఇచ్చినప్పుడు రోగుల్లో వచ్చిన ఉత్సాహం, 1950ల్లో స్విట్జర్లాండ్‌లో రోలాండ్ కూన్ ఇమిప్రమిన్‌తో చూసిన మెరుగుదల, ఈ రెంటితోనే డిప్రెషన్ మందుల కాలం మొదలైంది. ఆ తర్వాత పుట్టిన డజన్ల కొద్దీ మందుల్లో దుష్ఫలితాలు తగ్గాయి కానీ శక్తి అంతగా పెరగలేదు. ఈ సంగతిని అమెరికాలో జరిగిన స్టార్-డి అధ్యయనం స్పష్టంగా చూపించింది. జాన్ రష్, భారతీయ మూలాలున్న మధుకర్ త్రివేది తదితరుల నాయకత్వంలో 4,041 మంది అందులో చేరారు. ఫలితాలు 2006లో వచ్చాయి. తొలి మందుతో మూడోవంతు మంది కోలుకున్నారు. మూడో మెట్టు, నాలుగో మెట్టు చేరేసరికి కోలుకున్నవాళ్లు 13, 14 శాతం మాత్రమే. నాలుగు మెట్లూ కలిపితే 67 శాతం దాకా కోలుకోవచ్చని అప్పట్లో అంచనా కట్టారు. 2023లో వేరే పరిశోధకులు అవే వివరాలను మొదట రాసుకున్న నిబంధనల ప్రకారం మళ్లీ లెక్కిస్తే అది 35 శాతానికి దిగింది. ఏ లెక్కను నమ్మినా ఒకటి స్పష్టం: మాత్ర తర్వాత మాత్ర మార్చుకుంటూ పోవడం మూడోసారికి దాదాపు నిష్ఫలమవుతుంది. అక్కడ దారి మార్చాలి.

దారి మార్చడానికి చవకైన మొదటి సాధనం లిథియం. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ ఉన్మాదానికి వాడిన ఉప్పు ఇది. 1981లో కెనడాలో ద మోంటిన్యీ బృందం, పనిచేయని డిప్రెషన్ మందుకు దీన్ని జోడిస్తే కొందరు త్వరగా తేరుకుంటున్నారని చూపింది. ఆత్మహత్య ప్రమాదాన్ని తగ్గిస్తుందన్న ఆధారాలు దీనికి ఉన్నాయి. అయితే దీన్ని వాడాలంటే రక్తంలో దాని స్థాయిని ఎప్పటికప్పుడు చూడాలి. మూత్రపిండాల మీద, థైరాయిడ్ మీద ఓ కన్నేసి ఉంచాలి. విరుదునగర్ ఎండలో పొలం పనిచేసే మనిషి నీళ్లు తాగక ఒళ్లు ఎండిపోతే లిథియం స్థాయి ప్రమాదకరంగా పెరుగుతుంది. ఒళ్లునొప్పులకు మందుల షాపులో కొనుక్కునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కూడా అదే పని చేస్తాయి. ఈ రెండు మాటలూ రోగికి అర్థమయ్యే భాషలో చెప్పకుండా చీటీ రాయకూడదు. అలా చెప్పి, రక్తపరీక్ష చేసే ఏర్పాటు తాలూకా ఆసుపత్రిలో ఉంటే, ఎన్నో కొత్త మందుల కన్నా లిథియమే ఈ ప్రాంతానికి మేలు చేస్తుంది.

రెండో సాధనం పేరు చెబితే ఇంటిల్లిపాదీ భయపడతారు. కరెంటు పెట్టడం, షాకు. 1938లో రోమ్‌లో చెర్లెట్టి, బీనీ మొదలుపెట్టిన ఈసీటీ ఇది. సినిమాలు దాన్ని శిక్షగా చూపించాయి. ఒకప్పుడు మత్తు లేకుండా ఇచ్చిన మాటా నిజమే. ఆ భయానికి ఆధారం లేదని కొట్టిపారేయడం న్యాయం కాదు. ఇప్పటి పద్ధతి వేరు. రోగికి మత్తుమందు, కండరాలు సడలే మందు ఇస్తారు. మూర్ఛ మెదడులో జరుగుతుంది, ఒంట్లో దాదాపు కనపడదు. వారానికి రెండు మూడు చొప్పున ఆరు నుంచి పన్నెండు సార్లు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మత్తు, కండరాల సడలింపు లేకుండా ఈసీటీ ఇవ్వడాన్ని నిషేధించింది. మైనర్లకు ఇవ్వాలంటే సంరక్షకుల సమ్మతి, మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు ముందస్తు అనుమతి రెండూ ఉండాలంది. నిమ్హాన్స్‌లో బి.ఎన్. గంగాధర్ బృందం 1982లోనే ఈసీటీని ఇమిప్రమిన్‌తో, ఎవరికి ఏది అందిందో రోగికీ పరీక్షించే వైద్యుడికీ తెలియని డబుల్ బ్లైండ్ పద్ధతిలో పోల్చింది. తొలి వారాల్లో ఈసీటీదే పైచేయి. తిండి నీళ్లు మానేసిన మనిషికి, చనిపోవాలన్న ఆలోచన వదలని మనిషికి ఆ తొలి వారాలే ప్రాణం. జ్ఞాపకశక్తి మీద దెబ్బ ఉంటుంది. చాలామందిలో తిరిగి వస్తుంది, కొందరికి ఆ రోజుల జ్ఞాపకాలు పోతాయి. సంతకం పెట్టించుకునే ముందు ఇది దాచకుండా చెప్పాలి.

ఈసీటీ విషయంలో మనం సరిగ్గా పట్టించుకోనిది ఆ తర్వాతి ఆర్నెల్లు. హారొల్డ్ సాకీమ్ బృందం 2001లో చూపిన లెక్క చూడండి: ఈసీటీతో కోలుకున్నాక ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 84 శాతానికి జబ్బు తిరగబెట్టింది. నార్ట్రిప్టిలిన్ అనే డిప్రెషన్ మందు ఒక్కటే వాడితే 60 శాతం. దానికి లిథియం తోడైతే 39. ఆసుపత్రిలో కోలుకుని బస్సెక్కి ఊరికి చేరిన రోగి చేతిలో నెల రోజుల మాత్రలు పెట్టి వదిలేస్తే ఏమవుతుందో ఇంతకన్నా వివరంగా చెప్పక్కర్లేదు.

కొత్త చికిత్సల్లో నిజమైన మలుపు కెటమిన్. 1960ల నాటి మత్తుమందు. 2000లో యేల్ విశ్వవిద్యాలయంలో ఏడుగురు రోగులతో చేసిన చిన్న పరీక్ష దీని మీదికి చూపు తిప్పింది. 2006లో జరాటే బృందం ఆ ఫలితాన్ని బలపరిచింది. పాత మందులకు వారాలు పడితే ఇది గంటల్లో పనిచేస్తుంది. శరీర బరువులో కిలోకు అర మిల్లీగ్రాము చొప్పున నలభై నిమిషాల సేపు నరానికి ఎక్కిస్తారు. చిక్కేమిటంటే ఒక్కసారి ఇచ్చిన దాని ప్రభావం సాధారణంగా వారం రెండు వారాల్లో కరిగిపోతుంది. రక్తపోటు పెరుగుతుంది, కాసేపు ఒళ్లు తనది కానట్టు తోస్తుంది, అలవాటుపడే ప్రమాదం ఉంది. దాని ముక్కు స్ప్రే రూపమైన ఎస్‌కెటమిన్‌కు అమెరికాలో 2019 మార్చిలో అనుమతి వచ్చింది. 2023లో క్వెటియాపిన్ అనే పాత మాత్రతో పోల్చినప్పుడు ఎనిమిదో వారానికి కోలుకున్నవాళ్లు 27 శాతం, క్వెటియాపిన్ వాడినవాళ్లలో 18 శాతం. మెరుగే, కానీ ప్రచారం చేసినంత కాదు. దాని ఖరీదుతో పోలిస్తే మన ఆసుపత్రుల్లో ఎప్పటినుంచో ఉన్న మామూలు కెటమిన్ ఎంతో చవక. దాన్నే పర్యవేక్షణలో వాడడం మన దేశానికి తగిన దారి.

కెటమిన్, ఈసీటీలను ముఖాముఖి నిలబెట్టిన అధ్యయనాలు రెండు ముఖ్యం. వాటి ఫలితాలు ఎదురెదురుగా ఉన్నాయి. స్వీడన్‌లో ఆసుపత్రిలో చేరిన రోగుల్లో ఈసీటీతో 63 శాతం, కెటమిన్‌తో 46 శాతం కోలుకున్నారు. అమెరికాలో అమిత్ ఆనంద్ నాయకత్వంలో 403 మందితో జరిగి 2023లో వెలువడిన అధ్యయనంలో మాత్రం కెటమిన్‌కు 55 శాతం, ఈసీటీకి 41 శాతం స్పందన కనిపించింది. ఇందులో భ్రమలు, భ్రాంతులు ఉన్న రోగులను చేర్చుకోలేదు, వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఇంటి నుంచి వచ్చిపోయేవాళ్లు. ఈ రెంటినీ కలిపి చదివితే నాకు కనిపించేది ఇది: జబ్బు బాగా తీవ్రమై, తిండి మాని, భ్రమలు తోడైన వృద్ధులకు ఈసీటీయే ముందు. పని చేసుకుంటూ, మందులకు లొంగని డిప్రెషన్‌తో ఈడుస్తున్న మధ్యవయస్కులకు కెటమిన్ ముందుగా ప్రయత్నించవచ్చు.

అయస్కాంత చికిత్స, అంటే టీఎంఎస్, మత్తు అక్కర్లేనిది. 1985లో షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ తయారుచేసిన పరికరం దీనికి మూలం. 2008లో అమెరికాలో డిప్రెషన్‌కు అనుమతి వచ్చింది. తల మీద అయస్కాంత చుట్ట ఉంచి మెదడులో ఒక భాగాన్ని ఉత్తేజపరుస్తారు. మామూలుగా వారానికి ఐదు రోజులు, నాలుగు నుంచి ఆరు వారాలు. 2018లో కెనడా పరిశోధకులు, 37 నిమిషాలకు పైగా పట్టే పద్ధతికి బదులు మూడు నిమిషాల పద్ధతి కూడా తక్కువేమీ కాదని నిరూపించారు. నగరంలో ఉన్నవాళ్లకు ఇది పెద్ద ఊరట. కోవిల్‌పట్టి నుంచి రోజూ మదురై వెళ్లివచ్చే అగ్గిపెట్టెల కార్మికురాలికి మాత్రం చికిత్స మూడు నిమిషాలైనా ముప్పై ఏడైనా ఆ రోజు కూలి పోయినట్టే. స్టాన్‌ఫర్డ్‌లో నోలన్ విలియమ్స్ బృందం రూపొందించిన పద్ధతి ఈ కోణంలో ఎక్కువ ఆశ కలిగిస్తుంది. రోజుకు పది విడతల చొప్పున ఐదు రోజుల్లో ముగుస్తుంది, 2022లో అక్కడ అనుమతి పొందింది. ఐదు రోజులు బంధువుల ఇంట్లో ఉండి చికిత్స చేయించుకోవడం మనవాళ్లకు అలవాటైన పనే. మన ప్రభుత్వ వైద్య కళాశాలల్లో పరీక్షించి చూడవలసినవాటిలో దీన్ని నేను ముందు పెడతాను.

మెదడులో తీగ నాటే పద్ధతిని 2005లో హెలెన్ మేబర్గ్ ఆరుగురు రోగుల్లో ప్రయత్నించారు. తర్వాతి పెద్ద పరీక్ష మధ్యలోనే ఆగింది. పుట్టగొడుగుల నుంచి వచ్చే సైలోసిబిన్ మీద 2022లో 233 మందితో జరిగిన పరీక్షలో పెద్ద మోతాదు తీసుకున్నవాళ్లలో మూడో వారానికి 29 శాతం కోలుకున్నారు, నామమాత్రపు మోతాదు వాళ్లలో 8 శాతం. ఇవి చదివి తెలుసుకోవలసినవి, ఈ ఊళ్ల రోగికి ఇవాళ పనికొచ్చేవి కావు.

మాట చికిత్సను తేలిక వైద్యంగా చూసే అలవాటు పోవాలి. బ్రిటన్‌లో మందుకు లొంగని 469 మంది మీద 2013లో వచ్చిన అధ్యయనంలో, మందులకు ఆలోచనల తీరును సరిదిద్దే సీబీటీ అనే మాట చికిత్స తోడైనవాళ్లలో 46 శాతం మెరుగయ్యారు, తోడు లేనివాళ్లలో 22 శాతం. ఏ కొత్త మందుకూ తీసిపోని తేడా ఇది. మన దగ్గర అంతమంది మనస్తత్వ నిపుణులు ఎక్కడున్నారన్నది న్యాయమైన ప్రశ్నే. దానికి గోవాలో విక్రమ్ పటేల్ బృందం సమాధానం వెతికింది. మామూలు చదువున్న స్థానికులకు శిక్షణ ఇచ్చి, రోగులను తిరిగి రోజువారీ పనుల్లోకి, నలుగురి మధ్యకు తీసుకొచ్చే ఆరు నుంచి ఎనిమిది సమావేశాలు నడిపించారు. తీవ్రమైన డిప్రెషన్‌లోనూ అది పనిచేసిందని 2017లో ప్రకటించారు. కరిసల్ పల్లెల్లో ఈ పని తమిళంతోపాటు ఇంటి తెలుగులోనూ చేయగల ఆడవాళ్లు దొరకడం కష్టమేమీ కాదు.

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం డిప్రెషన్ ఉన్నవాళ్లలో సుమారు 85 శాతానికి చికిత్సే అందడం లేదు. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో తమిళనాడు కూడా ఉంది. చికిత్స అందని చోట జనం గుళ్లకు, దర్గాలకు వెళ్తారు. 1985 దాకా విరుదునగర్ ఏ జిల్లాలో భాగమో ఆ రామనాథపురంలోనే 2001 ఆగస్టు 6న, దర్గా ఉన్న ఏర్వాడిలో ఒక ప్రైవేటు ఆశ్రమంలో మంటలు చెలరేగి, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు ప్రాణాలు కోల్పోయారు. ఆ గొలుసుల వెనక ఇంటివాళ్ల క్రూరత్వం కన్నా, దగ్గర్లో వైద్యం లేని నిస్సహాయత ఎక్కువ. అక్కడి నుంచి చూస్తే పరిస్థితి మారింది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. 2022 జనవరి 12న ప్రారంభమైన పదకొండు ప్రభుత్వ వైద్య కళాశాలల్లో విరుదునగర్‌దీ ఒకటి. అదే ఏడాది అక్టోబరు 10న టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ మొదలైంది. 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనూ తమిళంలోనూ మాట్లాడేవాళ్లు ఉంటారు. చనిపోవాలన్న ఆలోచన వచ్చిన ఎవరైనా, వాళ్లింట్లోవాళ్లెవరైనా చేయవచ్చు.

విరుదునగర్ కొత్త కళాశాల మనోవైద్య విభాగం నుంచి నేను కోరేవి ఖరీదైనవి కావు. మత్తు డాక్టరుతో సహా వారంలో రెండు ఉదయాలు ఈసీటీకి కేటాయించాలి. లిథియం స్థాయి పరీక్ష అక్కడే జరగాలి. కెటమిన్‌ను పర్యవేక్షణలో ఇచ్చే రెండు మంచాలుండాలి. ఓపీలో రోగిని ఒంటరిగా, ఆ మనిషి ఇంటి భాషలో పది నిమిషాలు మాట్లాడనిచ్చే మనిషి ఒకరుండాలి. 2021 ఆగస్టులో తమిళనాడు మొదలుపెట్టిన మక్కళై తేడి మరుత్తువం పథకం కింద ఆడవాళ్లు బీపీ, షుగరు మాత్రలు ఇంటింటికీ తీసుకెళ్లి ఇస్తున్నారు. అదే సంచిలో డిప్రెషన్ మాత్రలూ చేరాలి. నిద్ర పడుతోందా, తింటున్నారా, మాత్ర మానేశారా అన్న మూడు ప్రశ్నలు అదే గడపలో అడగాలి. వాటి జవాబులు రాసుకునే ఒక రిజిస్టరు కావాలి. అందులో ప్రతి రోగి పేరు ఎదుట మూడేళ్ల దాకా, వీలైతే పదమూడేళ్ల దాకా రాయడానికి ఖాళీ ఉండాలి.